లచ్చమ్మ కాదన్న వేడుక

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి మన్సూరాబాద్ వైపు పోయే దారిలో, టైర్ల దుకాణానికీ మిర్చి బండికీ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. దాని నుదుటి మీద ఎర్రరంగుతో 'అంతయ్య బ్యాండ్' అని రాసి ఉంటుంది. అంతయ్య పోయి చాలాకాలమైంది. ఇప్పుడు ఆ బ్యాండుకు యజమాని, పెద్ద డప్పు, పెద్ద నోరు అన్నీ ఆయన భార్య లచ్చమ్మే. డప్పు ఎక్కువ మోగుతుందా, నోరు ఎక్కువ మోగుతుందా అంటే చెప్పడం కష్టమని మిర్చి బండివాడు అంటాడు. లచ్చమ్మకు వినబడేలా మాత్రం అనడు.

లచ్చమ్మది నల్లగొండ జిల్లాలో, చిట్యాల దాటాక లోపలికి పోయే ఒక ఊరు. పెళ్లయిన కొత్తలో మొగుడి వెంట పట్నం వచ్చి దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. అంతయ్య పెళ్లిళ్లకు బ్యాండులో వాయించేవాడు, చావులకు డప్పు కొట్టేవాడు. ఆమె డప్పులు కాచేది. కాచడమంటే కొట్టబోయే ముందు గడ్డిమంట మీద తోలును వెచ్చబెట్టడం. తక్కువ కాస్తే దెబ్బ మొద్దుగా పలుకుతుంది, ఎక్కువ కాస్తే తోలు పగులుతుంది. ఆ పనిలో లచ్చమ్మది చెయ్యి తిరిగిన చెయ్యి. కొట్టడం మాత్రం ఆడవాళ్ల పని కాదన్నారు కాబట్టి కొట్టేది కాదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చాట వెనక్కి తిప్పి వేళ్లతో అన్ని దెబ్బలూ పలికించుకునేది.

అంతయ్య మాఘమాసంలో, పెళ్లిళ్లు జోరుగా జరిగే రోజుల్లో పోయాడు. తెలిసిన డప్పులవాళ్లందరూ ఏదో ఒక బారాత్ ముందు ఉన్నారు. బతుకంతా పరాయివాళ్ల చావులకు కొట్టిన మనిషి పాడె లేవబోతుంటే, ఆయనకు కొట్టేవాడు దొరకలేదు. ఇంకెంతసేపు చూస్తాం, లేపుదాం అన్నారు మోసేవాళ్లు. అప్పుడు లచ్చమ్మ గోడకున్న డప్పు తీసింది. వాకిట్లో వేసిన మంట మీదే కాచి, భుజాన తగిలించుకుని, మొగుడి పాడె ముందు నడిచింది. ఆడది, అందులోనూ కట్టుకున్నది డప్పు కొట్టడమేందని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. ఆమె ఏడుస్తూనే కొట్టింది. దెబ్బ ఎక్కడా తప్పలేదు.

ఆ తర్వాత మొగుడి పేరు మీద ఆమే బ్యాండు పెట్టింది. పెళ్లికి పిలిస్తే గీసి గీసి బేరమాడుతుంది, ఇష్టం లేకపోతే రానంటుంది. చావుకు పిలిస్తే మాత్రం బేరం లేదు, రానన్న మాట లేదు. డప్పు లేకుండా పోవడమంటే ఏమిటో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చావుకు కొట్టే దెబ్బ వేరు, పెళ్లికి కొట్టే దెబ్బ వేరు. చావు దెబ్బలో నడక ఉంటుంది, తొందర ఉండదు. శ్మశానానికి సగం దారిలో దింపుడు కల్లం దగ్గర పాడె దించుతారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా చిక్కుకుని ఉందేమోనన్న ఆశతో, దగ్గరివాళ్లు చచ్చిపోయిన మనిషి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. ఆ పిలుపు కోసం డప్పు ఆగాలి. పలుకు రాకపోతే మళ్లీ మొదలవ్వాలి. అందాక మోగిన డప్పు టక్కున ఆగినప్పుడు ఎంతటి మొండిమనిషైనా పాడె వైపు చూడకుండా ఉండలేడు. ఎప్పుడు ఆపాలో తెలియనివాడికి కొట్టడం రానట్టేనని లచ్చమ్మ అంటుంది.

ఇదంతా ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఢిల్లీలో చట్టాలు రాసేవాళ్లకు చెప్పాల్సి వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

సరిహద్దులో యుద్ధం మొదలైన ఏడాది అది. నాదర్‌గుల్ మీద రోజూ తిరిగే శిక్షణ విమానాలు ఆగిపోయాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో సైరన్ మోగించి జనాన్ని మెట్రో స్టేషన్ కిందికి తోలి, అలవాటు చేయించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో జవాన్ల కోసం రక్తదానం పెడితే లచ్చమ్మ బ్యాండు మొత్తం వెళ్లి, ఎర్రటి ఎండలో ఊరేగింపు ముందు వాయించి, ఒక్క రూపాయి తీసుకోకుండా వచ్చింది. ఆమెకు దేశమంటే పట్టదని రేపు ఎవరైనా అంటే, ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

యుద్ధానికి డబ్బు కావాలి. పార్లమెంటు కూర్చుని పన్నుల చట్టాలు ఒకదాని వెంట ఒకటి తీసుకురావడం మొదలుపెట్టింది. వాటిలో ఒకటి వేడుకల సుంకం. జవాన్లు అక్కడ ప్రాణాలు ఇస్తుంటే ఇక్కడ ఆర్భాటాలేమిటని, చేసుకునేవాళ్లు ఖజానాకు కొంత కట్టాలని దాని సారాంశం. అది సభకు వచ్చిన మధ్యాహ్నం షెడ్డులో లచ్చమ్మ కొడుకు లింగస్వామి బూరలు తుడుస్తూ టీవీ పెట్టాడు. న్యాయమే కదా అంది లచ్చమ్మ. ఒక సభ్యుడు లేచి ఏదో అడగబోతే, యుద్ధం వేళ ప్రశ్నలా అని నలుదిక్కులా అరిచి కూర్చోబెట్టారు. మూడో వరసలో, మడత నలగని తెల్లచొక్కాలో తమ ఎంపీ కూడా కనబడ్డాడు. సభాపతి, ఒప్పుకునేవాళ్లు అవుననండి అన్నాడు. సభ దద్దరిల్లింది. ఒప్పుకోనివాళ్లు కాదనండి అన్నాడు. చీమ చిటుక్కుమనలేదు. బిల్లు గట్టెక్కింది.

"గింతేనా?" అంది లచ్చమ్మ.

అంతేనన్నాడు లింగస్వామి. తమ ఊళ్లో మేకపిల్లను అమ్మినా ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకుంటారని ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

చట్టంలో వేడుక అంటే ఏమిటో కూడా రాశారు. బ్యాండుగానీ డప్పుగానీ డీజేగానీ మోగే ఏ సందర్భమైనా వేడుకే. రాసిన పెద్దమనిషి ఎప్పుడూ చావింటి ముందు డప్పు విని ఉండడు. విన్నవాళ్లు సభలో చాలామందే ఉన్నారు, కానీ వాళ్లు బల్లలు చరచడంలో ఉన్నారు. ఇక వాయించబోయే ముందు ప్రతిసారీ ఫోనులో నమోదు చెయ్యాలి. పెళ్లి, బారాత్, గృహప్రవేశం, పుట్టినరోజు, అన్నిటికంటే కింద 'ఇతర వేడుక'. వాటిలో ఒకటి నొక్కి, పిలిచినవాళ్ల నంబరు వేస్తే చాలు.

చట్టం అమల్లోకి వచ్చాక మొదట వచ్చిన చావు కొండల్‌ది. బడంగ్‌పేట్‌లో ఆటో నడిపేవాడు, గుండె ఆగి పోయాడు. పిల్లల్లేరు, భార్య సుక్కమ్మ ఒక్కతే. లింగస్వామి ఫోను తీసి వెతికాడు. చావు అన్న మాట ఎక్కడా లేదు. అవతల పాడె కడుతున్నారు. 'ఇతర వేడుక' నొక్కి, సుక్కమ్మ నంబరు వేశాడు. తల్లికి చెప్పాల్సినంత సంగతని కూడా అనుకోలేదు.

దింపుడు కల్లం దగ్గర లచ్చమ్మ డప్పు ఆపింది. సుక్కమ్మ వంగి మొగుడి చెవిలో పిలిచింది. ఆ నిశ్శబ్దంలో ఆమె నడుముకు దోపుకున్న ఫోను టింగుమంది. ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ డప్పు మోగింది, పాడె లేచింది.

దినాలయ్యాక సుక్కమ్మ షెడ్డుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను లచ్చమ్మ చేతిలో పెట్టింది. లచ్చమ్మకు చదువు రాదు, లింగస్వామి చదివాడు. 'మీ వేడుకకు శుభాకాంక్షలు. మీరు కట్టే సుంకం దేశ రక్షణకు తోడ్పడుతుంది.' చదువుతుంటే వాడి గొంతు పోనుపోను సన్నబడింది.

"నా మొగడు సచ్చుడు నీకు దావతయిందా, లచ్చమ్మా?" అని అడిగింది సుక్కమ్మ.

తిట్టినా బాగుండేది. ఆమె మామూలుగా అడిగింది. లచ్చమ్మ కొడుకు వైపు చూసింది, వాడు జరిగింది చెప్పాడు. అందరూ అదే నొక్కుతున్నారని, ఒక్క మాటకు ఇంత పరేషాన్ ఎందుకని కూడా అన్నాడు. ఆ మెసేజ్ తీసేస్తానని సుక్కమ్మను ఫోను అడిగాడు. ఆమె ఇవ్వలేదు, ఉండనీ అంది.

"సుంకం ఎంతంటె గంత నేనే కడ్త. దేశానికి నా పెయ్యి మీది బంగారమడిగినా ఇస్త. సావును వేడుకని మాత్రం నా బ్యాండు పేరు మీద ఎవ్వడు నొక్కద్దు," అంది లచ్చమ్మ.

మర్నాడే ఎంపీ ఆఫీసుకు పోయింది. ఎంపీ ఢిల్లీలో ఉన్నాడట. ఆయన పనులు చూసే రాజు అనే మనిషి ఉన్నాడు. లచ్చమ్మ చెప్పింది సగం విని, సరిహద్దులో జవాన్లు చస్తుంటే నీకు డప్పు గొడవేమిటని గదిమాడు. ఎదురుగా కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఆమెను దేశద్రోహిని చూసినట్టు చూశారు.

"గా జవాను పెట్టెల ఇంటికొస్తే, ఆయన ముంగట కొట్టేది ఎవరనుకున్నవ్?" అని అడిగింది లచ్చమ్మ.

రాజు చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. సారుతో చెబుతానన్నాడు. చెప్పలేదని చెప్పనక్కర్లేదు.

అప్పటినుంచి లచ్చమ్మ పెళ్లిళ్లకు నమోదు చేయించి సుంకం కట్టించింది, చావులకు చేయించలేదు. నోరు మూసుకుని దొంగచాటుగా కొట్టే మనిషి కాదు కాబట్టి, నడిరోడ్డు మీద ఎప్పటిలాగే కొట్టింది. మురళీకృష్ణ అనే కానిస్టేబుల్ వచ్చి డప్పు పట్టుకుపోయాడు, కేసు రాశాడు. అతని తండ్రి చావుకు కొట్టింది కూడా ఆమే. అందుకని తల వంచుకుని రాశాడు, అయినా రాశాడు. ఆమె ఇంకో డప్పుతో ఇంకో చావుకు పోయింది. మళ్లీ కేసు. చివరికి స్టేషన్ నుంచి కబురు వచ్చింది. ఇంకొక్క కేసు పడితే బ్యాండు పెట్టుకునే అనుమతే రద్దవుతుంది, షెడ్డుకు తాళం పడుతుంది.

లింగస్వామి అన్నం తినడం మానేశాడు. పెళ్లిళ్లు లేకపోతే బ్యాండులో ఉన్నవాళ్లందరూ ఏం తిని బతకాలని అడిగాడు. ఒక్క వేలితో నొక్కితే పోయేదానికి నాన్న పేరు మీదున్న బ్యాండును ముంచుతావా అన్నాడు. అది లచ్చమ్మకు గుచ్చుకుంది. ఆ సాయంత్రం షెడ్డు బయట కూర్చుని ఆ ఎర్రటి అక్షరాల వైపు చూస్తూ ఉండిపోయింది. చదవడం రాకపోయినా ఆ రెండు మాటలు ఆమెకు గుర్తుపట్టడం వచ్చు. భయమేసింది. భయం వెనకే కోపం వచ్చింది. డప్పు లేకుండా పోబోయిన మనిషి పేరు మీద బ్యాండు పెట్టుకుని, చావును దావతని రాసి బతికితే, ఆ పేరు అక్కడ ఎందుకు?

అలా ఉండగా ఒక పొద్దున షెడ్డు ముందు తెల్లకారు ఆగింది. రాజు దిగాడు. ఈసారి గదమాయింపు లేదు. ఎంపీ తల్లి పోయిందట, నాదర్‌గుల్ పక్క ఊళ్లో. తన ముందు డప్పు మోగాలని, అది లచ్చమ్మ చేతి డప్పే కావాలని ముసలామె బతికుండగానే మాట తీసుకుందట.

"ఫోన్ల నొక్కుడు గిక్కుడు ఏం పెట్టుకోకు. అంత సారు చూసుకుంటడు," అన్నాడు.

లింగస్వామి ముఖం వెలిగింది. దేవుడే దారి చూపించాడన్నాడు, ఈ ఒక్క చావుతో కేసులన్నీ ఎగిరిపోతాయన్నాడు. లచ్చమ్మ గోడకున్న డప్పు తీసింది. గడ్డి వ్యాన్‌లో వేయమంది.

ఆ రోజు ఆమె కొట్టినట్టు ఎప్పుడూ కొట్టలేదని విన్నవాళ్లు ఇప్పటికీ అంటారు. చచ్చిపోయిన ముసలామె మీద ఆమెకు కోపమేముంటుంది? దింపుడు కల్లం దగ్గర డప్పు ఆపింది. సభలో అందరితో కలిసి గొంతెత్తిన ఎంపీ, గుండు మీద తడిబట్టతో మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా" అని పిలిచాడు. రెండోసారి పిలవబోయి తల్లి భుజం మీద తల వాల్చాడు. లచ్చమ్మ కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుని మళ్లీ డప్పెత్తింది.

చితి అంటుకున్నాక ఎంపీ తనంతట తానే ఆమె దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించాడు. నీ కేసుల సంగతి రాజు చెప్పాడు లచ్చమ్మా, అవన్నీ తీయించేస్తాను, ఇక నిశ్చింతగా ఉండు అన్నాడు. లింగస్వామి వెనకనుంచి తల్లి మోచెయ్యి గిల్లాడు. సరే సారు అంటే అయిపోయేది. లచ్చమ్మ కూడా ఒక్క క్షణం ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది. తర్వాత పక్కకు తిరిగి, బందోబస్తుకు వచ్చిన మురళీకృష్ణను పిలిచింది.

"బిడ్డా, ఇయ్యాల్టిది గూడ రాసుకో."

అతను ఎంపీ వైపు చూశాడు. ఎంపీ అవసరం లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఫోన్ల నొక్కకుంట డప్పు కొట్టిన. ఎల్బీనగర్‌ల కొడితే రాసినవ్, మన్సూరాబాద్‌ల కొడితే రాసినవ్. ఈడ ఎందుకు రాయవు?" అంది లచ్చమ్మ. తర్వాత ఎంపీ వైపు తిరిగింది. "సారు, నాకు మాఫీ వద్దు. మీ అమ్మ సావు వేడుక కాదంటె, గా పేదోళ్ల సావులు గూడ కావు. గవి వేడుకలైతే ఇది గూడ వేడుకనే. రెంట్ల ఏదో ఒకటి తేలాలె."

రాజు మీదికి వచ్చాడు. చితి ముందు ఇదేం మాటని అరిచాడు. చుట్టూ జనం, వాళ్ల చేతుల్లో ఫోన్లు. ఎంపీ రాజును ఆపాడు. మురళీకృష్ణ ఎంపీ వైపు మరోసారి చూసి, జేబులోంచి పెన్ను తీశాడు. లింగస్వామి తల్లిని శ్మశానంలోనే వదిలేసి వ్యాన్ తోలుకుని వెళ్లిపోయాడు. ఆమె భుజాన డప్పుతో నడిచి, దొరికిన ఆటో ఎక్కి ఇంటికి చేరింది.

షెడ్డుకు తాళం పడింది.

ఎల్బీనగర్‌లోని కోర్టులో సౌజన్య అనే లాయరు ఆ కేసులన్నీ కలిపి తీసుకుంది. వాళ్ల పెద్దలు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. చావుకు డప్పెందుకో మొదట లచ్చమ్మ దగ్గరే అడిగి తెలుసుకుంది. విన్నాక, "మీరేం దిగులు పడకండమ్మా, ఆ ఎంపీ గారిని సాక్షిగా పిలిపిద్దాం," అంది. ఎంపీ రాడని కోర్టు బయట టీ అమ్మేవాడి దగ్గర్నుంచి అందరూ అన్నారు. లింగస్వామి కూడా అన్నాడు. అన్నాడన్న మాటే గానీ, వాయిదా రోజు తల్లి కంటే ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. సుక్కమ్మ ఆటో మాట్లాడుకుని బడంగ్‌పేట్ నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

ఎంపీ వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు ఇంకా పొట్టిగానే ఉన్నాయి.

సౌజన్య ఒక్కటే ప్రశ్న వేసింది. "ఆ రోజు లచ్చమ్మ గారు డప్పు కొట్టినప్పుడు మీ ఇంట్లో జరుగుతున్నది వేడుకేనాండీ?"

ఆయన యుద్ధం గురించి మొదలుపెట్టాడు. చట్టం ఉద్దేశం మంచిదన్నాడు, ఆ పరిస్థితుల్లో చర్చకు వ్యవధి లేదన్నాడు. అడిగినదానికి జవాబు చెప్పమన్నారు జడ్జిగారు. ఎంపీ, బోనులో నిలబడ్డ లచ్చమ్మ వైపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు.

"కాదు," అన్నాడు.

జడ్జిగారు ఆ మాట రాయించారు. చట్టం చేసిన సభ్యుడే తన తల్లి చావు వేడుక కాదన్నప్పుడు, మిగతా చావులు వేడుకలని పోలీసులు రుజువు చెయ్యలేకపోయారని కేసులు కొట్టేశారు, షెడ్డు తాళం తీయమన్నారు. చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

వరండాలో ఎంపీ లచ్చమ్మ దగ్గర ఆగాడు. గెలిచినవ్ లచ్చమ్మా అన్నాడు. నవ్వబోయాడు.

"నా గెలుపు సంగతి ఇడువుండ్రి, సారు. గా రోజు టీవీల మిమ్ముల చూసిన. ఒప్పుకోనోళ్లు కాదనుండ్రి అని అడిగిండ్రు గద. గీ ఒక్క మాట గప్పుడే అనుంటే, ఈ సుక్కమ్మకు గది రాకపోవు," అంది లచ్చమ్మ.

ఏది రాకపోయేదని ఆయన అడిగేలోపే సుక్కమ్మ ముందుకు వచ్చింది. నడుముకు దోపుకున్న ఫోను తీసి, ఇన్నాళ్లూ ఎవరినీ తీసేయనివ్వని ఆ మెసేజ్ తెరిచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. కారు గుమ్మం ముందుకు వచ్చి ఆగింది, రాజు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎంపీ ఆ ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.